రిపోర్టుల పేజీలో నా తప్పు

మొదటిసారి తెర మీద ఆ ఎర్ర అక్షరాలు చూసినప్పుడు నాకు భయం వేయలేదు, చిరాకు వేసింది.

అప్పుడు మేడ్చల్‌లో హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూసేదాన్ని. రెండువేల నాలుగో, ఐదో సంవత్సరం. డిగ్రీ అయ్యాక సికింద్రాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. మా ఊరు రావల్‌కోల్. రోజూ బస్సులోనో ఆటోలోనో వచ్చి పోయేదాన్ని. రోగి కార్డు తీయడం, డాక్టరు దగ్గరికి పంపడం, ల్యాబ్ రిపోర్టు ఎక్కించడం, అన్నీ నేను రాసిన ప్రోగ్రాం మీదే నడిచేవి. ఆసుపత్రిలో దాని లోపలి సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. అది నాకు గర్వంగా ఉండేది.

ఆ ఉదయం కౌంటర్లో కూర్చునే అక్క నన్ను పిలిచింది. బొల్లారం నుంచి వచ్చిన ఒక క్రైస్తవ పెద్దావిడకి కార్డు తీస్తోంది. ఆవిడ ఇంటిపేరులో మొదటి అక్షరం తర్వాత పైన చిన్న గీత ఉంటుంది, ఇంగ్లీషులో సింగిల్ కోట్ అంటారు. అది కొట్టగానే పేజీ ఆగిపోయి, ఎర్రగా రెండు వరుసలు వచ్చాయి. ఆ వరుసల్లో నేను డేటాబేస్‌కి రాసిన ఆదేశమే సగానికి విరిగి కనిపిస్తోంది.

"ఏంది చెల్లె ఇది? ఏం ఒత్తకూడనిది ఒత్తిన?" అంది అక్క.

"ఏం కాలేదక్కా. గా గీత కొట్టకుండ్రి. అది లేకుంట రాయుండ్రి."

పెద్దావిడ గీత లేకుండానే కార్డు తీసుకుని వెళ్ళిపోయింది. నేను నా కుర్చీలోకి వచ్చి టీ తాగాను. ఆ రెండు ఎర్ర వరుసలు నాకేం చెబుతున్నాయో అప్పుడే కూర్చుని ఆలోచించి ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

కొన్ని నెలలకి పెద్ద డాక్టరు, అంటే ఆసుపత్రి యజమాని, నన్ను పిలిపించారు. గుంటూరు వైపు మనిషి. నెమ్మదిగా మాట్లాడతారు. "శామీర్‌పేట అవతలి ఊళ్ళ నుంచి ఒక్క కాగితం కోసం రెండు బస్సులు మారి వస్తున్నారమ్మా. రిపోర్టులు ఇంటర్నెట్‌లో పెట్టలేవా?" అన్నారు. పెట్టగలను అన్నాను. మూడు వారాల్లో పెట్టాను. ఒక పేజీ, అందులో ఒక ఖాళీ బాక్సు. బాక్సులో కార్డు నంబరు కొడితే రిపోర్టు వస్తుంది. ఊళ్ళలో అప్పుడప్పుడే నెట్ సెంటర్లు తెరుస్తున్నారు. జనం అక్కడికి వెళ్ళి ప్రింటు తీయించుకోవడం మొదలుపెట్టారు. ఇంట్లో చెప్తే నాయిన అంతా విని, "మరి ఒగల నంబర్ ఇంకొగలు కొడితే?" అని అడిగాడు. బోర్లు ఎండిపోయి ద్రాక్షతోట పీకేసి, టమాటా, కొత్తిమీర వేసుకుంటున్న మనిషి, కంప్యూటర్ ముట్టుకుని ఎరుగడు. "ఎవల నంబర్ వాళ్ళకే తెలుస్తది నాయినా," అన్నాను.

ఆ రోజుల్లోనే మా ఊరామె ఒకామె ఆసుపత్రికి వచ్చింది. మా ద్రాక్షతోటలో గుత్తులు కోసేది ఒకప్పుడు. నాకు ఊరి వరుసకి చిన్నమ్మ. భర్త నాగ్‌పూర్ రోడ్డు మీద లారీ నడిపేవాడు. ఏడాది పాటు జ్వరాలు పడి చనిపోయాడు. ఆమెకి కూడా నీరసంగా ఉంటోందని వస్తే, డాక్టరు రక్తం తీయించారు. రెండోరోజు ఆమె ల్యాబ్ బయట బెంచీ మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. నాకు అప్పటికే తెలుసు. రిపోర్టులన్నీ నా ప్రోగ్రాంలోకే వస్తాయి కదా. హెచ్.ఐ.వి. ఉంది అని రాసి ఉన్న ఆ వరుసని పొద్దున్నే చూశాను.

"బిడ్డా, గీ ముచ్చట ఊర్ల ఎవ్వలకు తెల్వనియ్యకు," అంది. "నాయినకు గూడ చెప్పకు."

"చెప్ప చిన్నమ్మా. నా తానకెల్లి పోదు."

ఆమె నా చెయ్యి పట్టుకుని, వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు వదిలేసింది. ముట్టుకుంటే నాకు అంటుతుందనుకుంది కాబోలు. నేనే మళ్ళీ పట్టుకున్నాను. నా మాటకి నేను కట్టుబడి ఉంటే చాలనుకున్నాను, నా ప్రోగ్రాం సంగతి తలపుకే రాలేదు.

ఇది జరిగిన రెండు మూడు నెలలకి, ఒక మంగళవారం పదకొండు గంటలప్పుడు, చేతిలో ప్లాస్టిక్ కవరుతో ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి. నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా. ఎయిర్‌ఫోర్సులో రేడియోలు బాగుచేసే పని చేసి రిటైరయ్యి శామీర్‌పేటలో నెట్ సెంటర్ పెట్టుకున్నానని చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. తలుపు వైపు చూసి, "మేడం, తలుపేస్తరా?" అన్నాడు.

తలుపు వేశాను.

"మీ దవాఖాన రిపోర్టులు మస్తుమంది నా తాన్నే తీపిచ్చుకుంటరు. నిన్న ఒకాయనకు నంబర్ కొడుతుంటె ఎంటర్ మీట పక్కపొంటి ఉంటది సూడుండ్రి, సింగిల్ కోట్, అది తగిలింది. ఎర్రగ ఏందేందో వచ్చింది. దాంట్ల మీ టేబుల్ పేరు గూడ ఉండె."

"అది చిన్న ఎర్రర్ అండీ..."

"చిన్నది గాదు మేడం." ఆయన గొంతు తగ్గించాడు. "నేను రేడియోలు ఇప్పిన మనిషిని. ఒక వైరు బయటికి కనవడితే అది యాడికి పోతదో సూడకుంట ఉండలేను. నెట్ల చదివిన. చదివింది ఒక్కసారి మీ బాక్సుల కొట్టి సూసిన. కాదేమో అనుకొని ఇంకొకసారి కొట్టిన. కొట్టకుంట ఉండాల్సుండె. తప్పే."

కవరులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మా ఆసుపత్రి పేజీ. పైన ఆసుపత్రి పేరు. కింద ఒక రిపోర్టు కాదు, వరసగా అందరివీ. పేర్లు, ఊళ్ళు, వయసులు, పరీక్షలు, ఫలితాలు. "మొత్తం వచ్చింది. నేను ఒక్క కాగితమే ప్రింట్ తీసిన, మీకు సూపెట్టనీకి. మిగిలింది బంద్ జేసిన," అన్నాడు.

కాగితం మధ్యలో రావల్‌కోల్ అన్న మాట కనిపించింది. దాని పక్కన చిన్నమ్మ పేరు, ఆ పక్కన ఫలితం.

కాగితం మీద అరచెయ్యి పెట్టి మూసేశాను, ఆయన అప్పటికే అంతా చదివి ఉంటాడని తెలిసి కూడా.

"నేనొక్కన్నే గాదు మేడం," అన్నాడాయన. "గిది నెట్ల ఎవ్వలైనా చదువొచ్చు. గందుకే ఉరికొచ్చిన. రేపు ఎవలన్న జేస్తే నా సెంటర్ మీదికొస్తదని నాకు గూడ బుగులైతాంది."

ఆయన ఏం కొట్టాడో చెప్పాడు. సింగిల్ కోట్, ఆ తర్వాత నాలుగైదు గుర్తులు, అంతే. తాళం పగలగొట్టే యంత్రమేదీ వాడలేదు. నా ప్రోగ్రాం ఒక వాక్యం తయారుచేసి డేటాబేస్‌కి పంపేది, 'ఈ నంబరున్న రిపోర్టు తెచ్చివ్వు' అని. ఆ నంబరు ఉండాల్సిన చోట, బాక్సులో కొట్టింది కొట్టినట్టు అతికించేదాన్ని. ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియడానికి అటూ ఇటూ ఒక్కో కోట్ పెట్టేదాన్ని. కొట్టిన దాంట్లోనే కోట్ ఉంటే, నంబరు అక్కడితో అయిపోయిందనుకుంటుంది యంత్రం. ఆ తర్వాత ఉన్నదంతా నేను చెప్పిన మాటే అనుకుని పాటిస్తుంది. ఆయన 'లేదా ఒకటీ ఒకటీ సమానమైతే' అన్న అర్థం వచ్చేలా కొట్టాడు. ఒకటీ ఒకటీ ఎప్పుడూ సమానమే. అందుకని యంత్రం అన్ని రిపోర్టులూ తెచ్చిచ్చింది.

నేను లేచి సర్వర్ ఉన్న గదిలోకి వెళ్ళి, ఇంటర్నెట్ తీగని చేత్తో లాగేశాను. క్లిప్పు ఊడిరాక రెండుసార్లు గుంజాను.

పెద్ద డాక్టరుకి చెప్పడానికి వెళ్ళేముందు ఒక పని చేశాను. ఏ పేజీ ఎప్పుడు ఎవరికి వెళ్ళిందో సర్వర్ ఒక పుస్తకంలో రాసినట్టు రాసుకుంటుంది. బాక్సులో ఏం కొట్టారన్నది అందులో ఉండదు. ఏ తేదీన, ఏ వేళకి, ఎంత బరువున్న పేజీ పంపిందీ ఉంటుంది. ఒక్క రిపోర్టైతే పేజీ చిన్నది, అన్నీ కలిస్తే చాలా పెద్దది. పెద్దవి ఎన్ని వెళ్ళాయో వెతికాను. ముందురోజు మధ్యాహ్నం రెండు పేజీలు వెళ్ళాయి. నెట్ సెంటర్ ఆయన కూడా రెండుసార్లు అన్నాడు, వేళ కూడా సరిపోయింది. అమ్మయ్య అనుకుంటూ ఇంకా కిందికి జరిపాను.

మూడోది ఉంది. ఆరు వారాల వెనకటిది.

నా వెనకే వచ్చి నిలబడ్డ నెట్ సెంటర్ ఆయన అది చూసి తల అడ్డంగా ఊపాడు. "నేను గాదు. ఆరు వారాల కింద మీ పేజీనే నాకు ఎరుక లేదు." ఆయన మాట నమ్మాను. ఆ వరుసలో ఉన్న నెట్ చిరునామా కూడా ఆయనది కాదు. ఫోన్ లైను ద్వారా నెట్ ఇచ్చే కంపెనీ ఎవరెవరికో మార్చి మార్చి ఇచ్చే చిరునామా అది. మనిషి ఎక్కడివాడో, ఆడో మగో, ఆ పేజీని దాచుకున్నాడో చూసి మూసేశాడో ఏమీ తెలియదు. ఎవరో వచ్చారు, అందరివీ చూశారు, పోయారు. ఆ ఆరు వారాలూ నేను రోజూ ఆ కుర్చీలోనే కూర్చుని టీ తాగుతున్నాను.

పెద్ద డాక్టరు అంతా విన్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పేర్లతో సహా చూశారా?"

"చూశారు సార్."

"మార్చగలరా? చూడటమే కాకుండా, లోపల మార్చగలరా?"

ఆ ప్రశ్న నేను అప్పటిదాకా వేసుకోలేదు. ప్రోగ్రాం డేటాబేస్‌లోకి వెళ్ళే ఖాతాకి నేను అన్ని అధికారాలూ ఇచ్చేశాను, పని తొందరగా అవుతుందని. చదవొచ్చు, దిద్దొచ్చు, తుడిచెయ్యొచ్చు. కోట్ పెట్టి ఆదేశాన్ని ముగించినవాడు దాని పక్కనే ఇంకో ఆదేశం రాయొచ్చు. "మార్చగలరు సార్," అన్నాను.

అదే డేటాబేస్‌లో రోగుల రక్తం గ్రూపులున్నాయి. హైవే మీద ప్రమాదాలు జరిగితే ముందు మా దగ్గరికే తెస్తారు. ఎవరికి ఏ మందు పడదో అందులోనే ఉంది. బీ పాజిటివ్ ఉన్న చోట ఎవరో ఆట కోసం ఇంకేదో పెట్టిపోతే! బయటికి వెళ్ళి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చాను.

ల్యాబ్ సార్‌కి చెప్పక తప్పలేదు. పాతబస్తీ నుంచి వచ్చే పెద్దాయన. ముప్పై ఏళ్ళుగా రక్తపరీక్షలే పని. కంప్యూటర్ వచ్చాక కూడా చేత్తో రిజిస్టర్లు రాయడం మానలేదని నేను ఎన్నోసార్లు నవ్వాను. ఆ రోజు ఆయన అల్మారా తెరిచి రిజిస్టర్లన్నీ నా ముందు పెట్టాడు.

"పరేషాన్ గాకు బేటీ. నువ్వు తెర మీద సదువు, నేను కాగితం మీద సూస్త."

మూడు రోజులు చదివాను. కార్డు నంబరు, పేరు, గ్రూపు. ఆయన వేలు పెట్టి చూసుకుంటూ 'ఆఁ' అనేవాడు. ఆయన కాస్త ఆలస్యం చేస్తే, అక్షరం అలుక్కుపోయి ఆగాడో, తేడా దొరికి ఆగాడో తెలిసేది కాదు. రెండో రోజు మధ్యాహ్నం నిజంగానే ఆగాడు.

"మల్ల సదువు."

"ఏ పాజిటివ్."

"గీడ ఓ పాజిటివ్ ఉంది."

శామీర్‌పేట దగ్గరి ఒక గర్భిణి కార్డు అది. ఇంకో నెలకి ఆపరేషన్ ఉంది. నేను ఎక్కించేటప్పుడు తప్పు కొట్టానా, లేక ఆరు వారాల కిందట వచ్చినవాడు మార్చాడా? నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆ రోజు నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ల్యాబ్ సార్ లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు.

"ఇను బేటీ. రక్తం ఎక్కియ్యాలంటె మేము నీ కంప్యూటర్ జూసి ఎక్కియ్యం, నా రిజిస్టర్ జూసి గూడ ఎక్కియ్యం. అప్పుడు మనిషి తాన చుక్క తీసి, ఎక్కిచ్చే రక్తంల కలిపి సూస్తం. గడ్డ కట్టకుంటెనే ఎక్కిస్తం. రాసిందాన్ని నమ్మేది లేదు ఈడ. గా తల్లికేం గాదు."

ఆమెకేం కాలేదు. మళ్ళీ పరీక్ష చేసి, గ్రూపు దిద్ది, నెలకి ఆపరేషన్ చేశారు. తల్లీ బిడ్డా ఇంటికి వెళ్ళారు. అది తేలేదాకా ఆ నెల నేను అన్నం సరిగా తినలేదు. అమ్మ నాకు దిష్టి తీసింది.

ఈలోగా ప్రోగ్రాం బాగుచెయ్యాలి. మొదట నాకు తోచింది, కొట్టినదాంట్లో కోట్ ఉంటే తీసెయ్యడం. రెండు రోజుల్లో అన్ని పేజీల్లోనూ అలాగే చేసి, నెట్ సెంటర్ ఆయన్ని పిలిచాను. ఇంటర్నెట్ తీగ పెట్టకుండా, ఆసుపత్రిలోనే కూర్చుని చూడమన్నాను. రిపోర్టుల పేజీలో ఎంత కొట్టినా ఏమీ రాలేదు. నా ప్రాణం కుదుటపడింది. ఆయన పక్కనున్న ఇంకో పేజీ తెరిచాడు. ఏ విభాగంలో ఏ డాక్టరున్నారో చూపించే పేజీ, అందులో విభాగం నంబరు మాత్రమే వాడతాం. ఆ నంబరు పక్కన ఆయన ఏదో కొట్టాడు. తెర మీద మళ్ళీ అన్ని వరుసలూ వచ్చేశాయి.

నేను వెనక్కి జరిగాను, తెరలోంచి ఏదో బయటికి వస్తున్నట్టు.

"నంబర్ సుట్టూ మీరు కోట్లే పెట్టలేదు మేడం," అన్నాడాయన మెల్లగా. "ఈడ కోట్ కొట్టే అక్కరే లేదు, ఇగ ఏం తీసేస్తరు? గీ అతికిచ్చుడే తీసెయ్యాలె. ఒక తొర్ర మూస్తె ఇంకో తొర్ర ఉంటది."

ఆయన తెచ్చిన ఇంగ్లీషు కాగితాలు వారం రోజులు బస్సులో చదివాను. అప్పటికి నాకు అర్థమైంది. ఆదేశాన్నీ, మనుషులు కొట్టినదాన్నీ ఒకే వాక్యంగా అతకకూడదు. ఆదేశాన్ని ముందే పంపాలి, మధ్యలో ఒక ఖాళీ ఉంచి. కొట్టినది ఏదైనా వేరుగా వచ్చి ఆ ఖాళీలోనే కూర్చోవాలి. అందులో కోట్ ఉన్నా, ఇంకో ఆదేశమే ఉన్నా, యంత్రం దాన్ని ఒక పేరులానో నంబరులానో చూస్తుంది తప్ప పాటించదు. ఇంతే సంగతి. నాలుగు వరుసలు ఎక్కువ రాస్తే సరిపోయేది. ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరూ చెప్పలేదు, నిజమే. కానీ ఆ రోజు కౌంటర్లో నా తప్పే ఎర్రగా కళ్ళ ముందుకు వచ్చి చెప్పింది. వినకుండా, ఒక పెద్దావిడ పేరునే మార్చి పంపాను.

ప్రతి పేజీనీ మళ్ళీ రాశాను. కార్డు నంబరు బాక్సులో అంకెలు తప్ప ఇంకేం కొట్టినా పేజీ తీసుకోకుండా చేశాను. నంబరుతో పాటు పుట్టిన తేదీ అడిగేలా చేశాను. మా నాయిన వేసిన ప్రశ్నకి అప్పుడు జవాబిచ్చినట్టయింది. రిపోర్టుల పేజీ వాడే ఖాతాకి చదివే హక్కు మాత్రమే ఉంచాను. తప్పు జరిగితే ఎర్ర అక్షరాలు బయటివాళ్ళకి కనపడకుండా, నాకొక్కదానికే వచ్చేలా పెట్టాను. హెచ్.ఐ.వి. ఫలితాలని ఆ పేజీ ముట్టుకోలేని వేరే చోటికి మార్చాను. అవి కాగితం మీద, మనిషి చేతికే ఇవ్వాలని పెద్ద డాక్టరు రాసిచ్చారు. నెట్ సెంటర్ ఆయన మళ్ళీ వచ్చి ఒక పగలంతా కూర్చున్నాడు. సాయంత్రం లేచి, "నాతోనైతె కాలే మేడం. నాకంటె ఎక్కువ తెలిసినోడు ఉంటడు గని," అన్నాడు. ఆ మాటలో చివరి సగమే నాకు మిగిలింది.

చిన్నమ్మ సంగతి అలాగే ఉంది.

పెద్ద డాక్టరు ఈ సంగతి రోగులెవరికీ చెప్పొద్దన్నారు. "ఎవరు చూశారో తెలియదు. చూసినవాడికి వీళ్ళెవరో కూడా తెలియకపోవచ్చు. చెప్పి భయపెట్టి ఏం సాధిస్తాం?" అన్నారు. ఆయన ఆసుపత్రి పేరు కోసమే అలా అన్నారని అనుకోను. నాకూ కొన్నాళ్ళు ఆ మాట ఆసరాగానే ఉంది. ఊళ్ళో ఎవరైనా ఇద్దరు మాట్లాడుకుంటూ నన్ను చూసి ఆగితే మాత్రం చిన్నమ్మ గురించేననుకునేదాన్ని. చిన్నమ్మని ఎవరైనా పక్కకి జరిగి కూర్చోమన్నారా, ఆమె ముట్టుకున్న బిందెని ఎవరైనా మళ్ళీ కడిగారా అని గమనిస్తూ ఉండేదాన్ని. ఆమె మా చేనులో కొత్తిమీర పీకడానికి వచ్చినప్పుడు మిగతా ఆడవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసేదాన్ని. ఇలా రెండు నెలలు. నాకు తెలిసిన భయాన్ని ఆమెకి తెలియకుండా నేను మోస్తున్నానని ఒక ఆదివారం అనిపించింది. ఆ భయం ఆమెది. దాన్ని దాచిపెట్టే హక్కు నాకెక్కడిది?

ఆమె బోరు దగ్గర తొట్టిలో కొత్తిమీర కట్టలు తడుపుతోంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. పక్కన కూర్చుని అంతా చెప్పాను. కంప్యూటర్ సంగతి వివరించబోతే చేత్తో ఆపింది.

"ఎవలు సూసిన్రు?"

"తెల్వది చిన్నమ్మా."

"మన ఊరోళ్ళా?"

"తెల్వది."

"మల్ల ఏం తెలిసిందని చెప్పనీకి వచ్చినవ్ బిడ్డా?"

"తప్పు నాది," అన్నాను. ఆమె తడిసిన కట్టని తొట్టి గట్టు మీద పెట్టి, ఇంకోటి తీసుకుని ముంచింది. దాన్ని ముంచుతూనే ఉంది. నేను లేచి వచ్చేశాను.

మర్నాడు ఆమె పనికి రాలేదు, ఆ మరునాడూ రాలేదు. మూడోరోజు పొద్దున ఆసుపత్రికి వెళ్ళేముందు ఆమె ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. పక్కింటావిడ, "నిన్నటికెల్లి లేదు. యాడికి వోయిందో ఎవ్వలకు చెప్పలే," అంది. మా చేనుకి ఆవల ఒక పాడుబడిన బావి ఉంది. నేను అక్కడికి పరిగెత్తాను. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. గట్టు పట్టుకుని లోపలికి చూశాను. అడుగున కాసిన్ని నీళ్ళు, ఆకులు, తేలుతున్న ప్లాస్టిక్ డబ్బా. చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. నాయిన వెనక నుంచి వచ్చి భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. "ఏంది బిడ్డా, ఏమైంది?" అని అడిగాడు. చెప్పనని మాటిచ్చాను కాబట్టి చెప్పలేకపోయాను. ఏడ్చాను. ఆయన మళ్ళీ అడగలేదు.

చిన్నమ్మ నాలుగోరోజు తిరిగొచ్చింది, అన్నతో కలిసి. బౌరంపేటలో ఉండే అన్న దగ్గరికి వెళ్ళిందట. ఆయన గుమ్మం బయట బీడీ కాలుస్తూ నిలబడితే, ఆమె నన్ను లోపలికి పిలిచింది.

"ఎవలో చెప్పంగ ఆయన ఇనేకంటె నేనే చెప్పిన," అంది.

"ఏమన్నడు?"

"రెండు దినాలు మాట్లాడలే. మూడోనాడు, నడువు సర్కారు దవాఖానకు అన్నడు. మందులిస్తరంట."

"వదినె?"

"నా పల్లెం, చెంబు ఏరే పెట్టింది. పోరగాండ్లను నా దిక్కు రానియ్యలే." మేనకోడలికి చిన్నప్పట్నుంచి జడలు వేసింది ఆమే.

ఎవరో ఏదో చేసి ఉంటారన్న భయంతో ఆమె తన రహస్యాన్ని తానే బయటపెట్టుకుంది. ఆరు వారాల కిందటి ఆ మనిషి ఎవరికీ ఏమీ చెప్పి ఉండకపోవచ్చు. ఊళ్ళో ఎప్పటికీ ఎవరికీ తెలియలేదు, నాకు తెలిసినంతవరకు. అయినా ఆ ఇంట్లో పల్లెం వేరయింది. అది నా చేతి మీదుగా జరిగింది. అన్న మాత్రం నెలనెలా ఆమెని సికింద్రాబాద్ తీసుకువెళ్ళేవాడు. మందులు పడ్డాయి. ఏడాది తిరిగేసరికి మళ్ళీ బరువు పెరిగింది, పనిలోకి వచ్చింది.

నేను రెండేళ్ళ తర్వాత ఆ ఆసుపత్రి వదిలి సిటీలో ఒక కంపెనీలో చేరాను. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములు చదివి, ఎక్కడ ఎవరు ఏం కొడితే విరిగిపోతాయో చూడటం నా పని. ఎంత చూసి పంపినా, ఒక్క చోట వదిలేశానేమో అని బస్సెక్కాక అనిపించేది. మధ్యలో దిగి వెనక్కి వెళ్ళిన రోజులున్నాయి. కొత్తగా చేరినవాళ్ళు, "ఇది బయటికి కనపడదు మేడం, లోపలి స్టాఫ్ కోసమే," అంటుంటారు. మళ్ళీ రాయమంటాను. ఎందుకని అడిగితే పద్ధతి అది అంటాను. చిన్నమ్మ సంగతి వాళ్ళకి చెప్పలేదు.

ఒకసారి మేడ్చల్ నుంచి మా ఊరికి వచ్చే బస్సులో ఆమె పక్కనే సీటు దొరికింది. మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మేనకోడలి పెళ్ళయిందనీ, పెళ్ళికి పిలిచారనీ చెప్పింది. పల్లెం గురించి నేను అడగలేదు. ఆ తర్వాత ఆమే అడిగింది.

"గా మనిషి దొర్కిండా?"

"లేదు చిన్నమ్మా."

తల ఊపి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రోడ్డు పక్క కొత్తగా లేస్తున్న ఇళ్ళు వెనక్కి పోతున్నాయి. ఆమె నా మోచెయ్యి తట్టింది.

"లే బిడ్డా, దిగాల్సిన కాడికి వచ్చినం," అంది.